ఆ ఫోను ఏట్లో పారేయకండి

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా వారు సూడాన్‌లో, ఖార్తూమ్ నార్త్‌లోని ఒక పైపుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవారు. 2023 ఏప్రిల్‌లో అక్కడ యుద్ధం మొదలయ్యాక మన గవర్నమెంటు పోర్ట్ సూడాన్ నుంచి ఓడలో జెడ్డాకి, అక్కణ్ణించి విమానంలో ఇంటికి చేర్చింది. వచ్చారే గానీ మనిషి మునుపటిలా లేరు, రాత్రిళ్ళు నిద్రపోరు. తన పాత ఫోనులో రెండు వీడియోలు ఉన్నాయని ఈమధ్యే చెప్పారు. ఒకదాంట్లో యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎదురింటి తలుపు పగలగొట్టి సామాన్లు బండికి ఎక్కిస్తున్నారు. రెండోదాంట్లో ఆ ఇంటాయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. అంతలో మా వారి చేతిలో ఫోను జారి కిందపడింది, తుపాకీ చప్పుళ్ళు మాత్రం వినిపిస్తాయి. "చంపింది కనపళ్ళేదు కదా, ఇదెందుకూ పనికిరాదు" అంటారు ఆయన. అత్తగారేమో "ఆ దరిద్రాన్ని ఏట్లో గిరాటెయ్" అంటారు. డిగ్రీ చదివే మా అబ్బాయి యూట్యూబ్‌లో పెడదామంటాడు. ఊళ్ళో చానెల్ నడిపే అబ్బాయొకడు కూడా అడుగుతున్నాడు. ఇలాంటివి ఎవరికైనా ఇవ్వాలా? మన పోలీసులు తీసుకుంటారా? ఇస్తే ఆయన్ని విదేశీ కోర్టుల చుట్టూ తిప్పుతారా? మళ్ళీ గల్ఫ్ వెళ్దామనుకుంటున్నారు, దానికేమైనా అడ్డమా? అసలు ఇలాంటివాళ్ళకి ఎక్కడైనా శిక్ష పడిందా? పెద్ద దేశాల జోలికి ఎవరూ పోరని మావాడు వాదిస్తాడు. కంపెనీ నుంచి జీతం బకాయి కూడా రావాలి. (ఒక సోదరి)

సమాధానం: అమ్మా, మీరు చాలా అడిగారు గానీ అన్నిటికంటే ముందు ఆ ఫోను సంగతి చూడాలి. మిగతావి నెల ఆగినా మునిగిపోయేదేం లేదు. ఇలాంటి నేరాలు విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ) పరిధిలోని నేరాలకు కాలదోషం లేదని, ఆ కోర్టుని ఏర్పరచిన రోమ్ ఒప్పందం 29వ అధికరణంలో రాసే ఉంది. పాత ఫోనుకి మాత్రం అంత ఆయుష్షు ఉండదు. బ్యాటరీ ఉబ్బుతుంది, పిల్లలు ఆటలకి తీసుకుంటారు, పండక్కి ఎక్స్‌చేంజ్ ఆఫరొస్తుంది, మెమరీ నిండిపోయిందని ఎవరో ఒకరు ఉన్నవన్నీ చెరిపేస్తారు.

సిమ్ తీసేసి ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. రీసెట్ కొట్టొద్దు, అప్‌డేట్ అడిగినా ఒప్పుకోవద్దు. ఆ రెండు ఫైళ్ళనీ కేబుల్‌తో కంప్యూటరులోకి, అక్కణ్ణించి కొత్త పెన్‌డ్రైవ్‌లు రెండింటిలోకి కాపీ చేయించండి. సెల్ షాపు కుర్రాడి చేత వద్దు. వాడు మంచివాడే కావచ్చు, సాయంత్రానికి అది ఊరి గ్రూపుల్లో తిరగదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ అబ్బాయి ఉన్నాడుగా, వాడి చేతే ఇంట్లో చేయించండి. వాట్సాప్‌లో పంపుకుని దాచుకుందామనుకోవద్దు. అది వీడియోని కుదించేస్తుంది, ఎప్పుడు తీశారు, ఏ ఫోనుతో తీశారు అనే లోపలి వివరాలు ఆ దారిలోనే రాలిపోతాయి. ఫైలు పేరు మార్చకూడదు, మొదలూ చివరా కత్తిరించకూడదు, ఎవరి మొహమూ మసక చెయ్యకూడదు. ఆ వారం తీసిన మిగతా ఫోటోలు కూడా చెరపకండి. మీకు పంపిన సెల్ఫీ అయినా, క్వార్టర్స్‌లో అన్నం గిన్నె ఫోటో అయినా సరే. ఆ తేదీల్లో ఆయన ఆ వీధిలోనే ఉన్నారని రేపు చెప్పగలిగేవి అవే.

కాపీ అయ్యాక ఒక్కో ఫైలుకీ హాష్ విలువ తీసి కాగితం మీద రాసిపెట్టమనండి. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస అది. ఫైలులో చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది. హత్య కేసులో కత్తిని గుడ్డలో చుట్టి లక్కముద్ర వేసినట్టే అనుకోండి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను సర్టిఫికెట్లో కూడా ఈ విలువ రాయాలి, కాబట్టి మన గజపతి, గంజాం కోర్టుల ప్లీడర్లకీ ఇది కొత్త కాదు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఫోను ఎక్కడ ఉంచారు, కాపీ ఎవరు ఎప్పుడు చేశారు, పెన్‌డ్రైవ్ ఎవరి చేతికి వెళ్ళింది అని తేదీ వేసి రాస్తూ ఉండండి. ఫోను మాత్రం మీ బీరువాలోనే ఉండాలి.

ఇక "చంపింది కనపళ్ళేదు" అన్న మాట. మనందరికీ తెలిసింది సినిమా కోర్టులే కాబట్టి మీ వారు అలా అనుకోవడం సహజం. యుద్ధ నేరాల కేసుల్లో మనుషులు చనిపోయారని రుజువు చేయడం చాలాసార్లు అంత కష్టం కాదు. గోతులుంటాయి, ఆస్పత్రి రికార్డులుంటాయి, ఊరు ఊరంతా చెబుతుంది. చిక్కంతా ఎవరు చేయించారన్న దగ్గరే. తుపాకీ పేల్చిన కుర్రాడి పైన ఒకడుంటాడు, వాడి పైన ఇంకొకడు, అందరికంటే పైన ఏ నేరస్థలానికీ ఎప్పుడూ వెళ్ళనివాడు. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కొక్కటీ సాక్ష్యంతో కట్టుకుంటూ పోవాలి. మధ్యలో ఒక్క మెట్టు ఊడినా కేసు పోతుంది. కాంగో నాయకుడు జాన్ పియర్ బెంబా సైన్యం పక్క దేశమైన సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లో చేసిన హత్యలకీ అత్యాచారాలకీ 2016లో ఐసీసీలో ఆయనకి 18 ఏళ్ళు శిక్ష పడింది. 2018లో అప్పీలు బెంచి ముగ్గురు ఇద్దరుగా చీలి ఆయన్ని విడిచిపెట్టింది. దూరాన ఉన్న కమాండరు తన మనుషుల్ని ఆపడానికి చేయగలిగిందంతా చేశాడా లేదా అన్నది కింది బెంచి సరిగా తూకం వేయలేదని మెజారిటీ అభిప్రాయం. బాధితులు వేలల్లో ఉన్న కేసు అది.

అందుకే దర్యాప్తు చేసేవాళ్ళు మీ వీడియోలో నెత్తురు కోసం వెతకరు. బండి చూస్తారు: నంబరు ప్లేటు ఉందా, తలుపు మీద గుర్తేమైనా ఉందా, వెనక మిషన్ గన్ బిగించారా, ఏరియల్ ఉందా. బట్టలు చూస్తారు: ఆ రంగు సైన్యానిదా, దానితో పోరాడుతున్న ఆర్ఎస్ఎఫ్ అనే పారామిలటరీదా, భుజం మీద పట్టీ ఏమిటి. సామాన్లు ఎక్కించేవాళ్ళలో ఒకడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటే ముందు వాణ్ణే చూస్తారు, ఎందుకంటే పని చేయనివాడే చాలాసార్లు పని చేయించేవాడు. ఫోను కిందపడ్డాక కూడా మైకు పనిచేస్తూనే ఉంది కదా. చప్పుళ్ళకి ముందు ఎవరైనా ఒక మాట అన్నారా, ఒక పేరు పిలిచారా? వాకీటాకీ గరగరలాడిందా? దూరంగా మసీదు బాంగు వినిపించిందా? వినిపిస్తే అది రోజులో ఏ పూటో దాదాపు తేలినట్టే. నేల మీద పడ్డ కెమెరాకి పైకప్పు అంచూ, ఆకాశమూ, ఒక కరెంటు స్తంభమూ తప్ప ఏమీ కనపడకపోయినా ఆ స్తంభమే ఏ వీధో చెప్పేయగలదు.

నేను ఊహించి చెప్పట్లేదు. 2018లో ఒక వీడియో బయటికొచ్చింది. సైనికులు ఇద్దరు ఆడవాళ్ళనీ ఇద్దరు పిల్లల్నీ మట్టి దారి వెంట నడిపించి కాల్చేస్తారు. కామెరూన్ ప్రభుత్వం అది తమ దేశంలో జరిగింది కాదని కొట్టిపారేసింది. బీబీసీ వాళ్ళు, వాళ్ళతో కలిసి పనిచేసిన పరిశోధకులు వీడియోలో వెనక కనిపించే కొండల వరసని ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చి చోటు పట్టుకున్నారు. చుట్టుపక్కల ఇళ్ళు ఎప్పుడు కట్టారు, ఎప్పుడు కూల్చారు అన్నదాన్ని బట్టి ఏడాది తేలింది. నడుస్తున్న సైనికుల నీడల్ని బట్టి 2015 మార్చి ఆఖరుకీ ఏప్రిల్ మొదటికీ మధ్య అని లెక్కగట్టారు. 2020లో ఆ దేశపు సైనిక కోర్టే నలుగురు సైనికులకి పదేసి ఏళ్ళు వేసింది. ఆ వీడియో ముందుగా చేతికందినవాడెవడో 'అసలు సీను' మాత్రం ఉంచి కొండని కత్తిరించేసి ఉంటే ఆ కేసు లేదు.

సెర్బియాలో ఇంకో రకంగా జరిగింది. 1995 జులైలో పక్కనున్న బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందికి పైగా ముస్లిం మగవాళ్ళనీ కుర్రాళ్ళనీ చంపారు. వాళ్ళలో ఆరుగుర్ని స్కార్పియన్స్ అనే సెర్బు దళం కాల్చేస్తూ తామే వీడియో తీసుకుంది. కాపీలు ఊళ్ళో చేతులు మారాయి, తర్వాత నాశనం చేయమన్నారు, ఒకటి మిగిలింది. నతాషా కాండిచ్ అనే మానవ హక్కుల కార్యకర్త దాన్ని సంపాదించారు. 2005 జూన్‌లో నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ విచారణలో దాన్ని చూపించారు, 2007లో బెల్‌గ్రేడ్ కోర్టు ఆ దళం వాళ్ళకి శిక్షలు వేసింది. మిగిలిన ఒక్క కాపీ ఎవరో ఇంట్లో దాచిందే.

మొదటి వీడియోని కూడా 'సామాన్లు ఎక్కిస్తున్నారు' అని మీరు తేలిగ్గా రాశారు. యుద్ధంలో జనం ఇళ్ళు దోచుకోవడం దానంతట అదే యుద్ధ నేరం. రోమ్ ఒప్పందం 8వ అధికరణంలో, అంతర్యుద్ధాలకి వర్తించే జాబితాలో కూడా అది విడిగా ఉంది. రెండు వీడియోల్లోనూ అదే బండో, అదే మనిషో కనిపిస్తే దోపిడీ వీడియోలో స్పష్టంగా ఉన్న మొహం హత్య వీడియోలో కనపడని మొహానికి జవాబు చెబుతుంది. దోపిడీకి వచ్చిన బృందమూ ఆయన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన బృందమూ ఒకటేనా అన్నది మీ వారే చెప్పగలరు.

ఆ చెప్పడం ఎలాగో రాస్తాను. ఇందులోనే మంచి కేసులు చాలా పాడయ్యాయి. ఆయన మనసు కుదుటగా ఉన్న ఒక పూట, తన చేత్తో తనే, తెలుగులోనే రాయమనండి. తన కళ్ళతో చూసింది ఒక పేజీలో, తర్వాత క్వార్టర్స్‌లో వాళ్ళూ వీళ్ళూ చెప్పుకోగా విన్నది ఇంకో పేజీలో. తేదీ గుర్తులేకపోతే 'జీతం రావలసిన రోజుకి ముందు', 'కరెంటు పోయిన మర్నాడు' అని రాస్తే చాలు, అంచనా తేదీ వేయొద్దు. కింద సంతకం, రాసిన రోజు. తర్వాత దాన్ని దిద్దొద్దు. కొత్తగా ఏదైనా గుర్తొస్తే కొత్త కాగితం. మీ అబ్బాయి ఎదురుగా కెమెరా పెట్టి 'నాన్నా, ఎంతమంది ఉన్నారు, ముప్పై మంది ఉంటారా?' అని అడగకూడదు. ముప్పై అన్న అంకె వాడి నోట్లోంచి నాన్న జ్ఞాపకంలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ బయటికి రాదు. క్రాస్‌లో డిఫెన్సు లాయరు మొదట పట్టుకునేది అదే (నేనైనా అదే పట్టుకుంటాను). లైబీరియా యుద్ధంలో నేరాలు చేశాడని ఫిన్లాండులో స్థిరపడిన ఒక మాజీ తిరుగుబాటు నాయకుడి మీద కేసు నడిస్తే ఆ దేశపు కోర్టు లైబీరియా దాకా వెళ్ళి సాక్షుల్ని విన్నది. ఎప్పుడు జరిగింది, ఆ రోజుల్లో అతను నిజంగా అక్కడ ఉన్నాడా అన్న దగ్గర అనుమానం తీరక 2022లో విడిచిపెట్టింది, అప్పీలులోనూ అదే తీర్పు. ఐసీసీ ప్రాసిక్యూటరు కార్యాలయం, యూరోపు సంస్థ యూరోజస్ట్ కలిసి 2022లో స్వచ్ఛంద సంస్థలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా సాక్షిని ఒకరి తర్వాత ఒకరు వివరంగా విచారించొద్దనే చెప్పాయి.

యూట్యూబ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. పెడితే ఎదుటివాడి లాయరుకీ, ఆ బండిలో ఉన్నవాడికీ, వాడి చుట్టాలకీ ముందే తెలిసిపోతుంది, కింద కామెంట్లలో మీ ఊరి పేరుతో సహా. పెట్టినా నిలుస్తుందని కూడా లేదు. 2017లో యూట్యూబ్ హింస ఉన్న వీడియోల ఏరివేత మొదలుపెట్టినప్పుడు సిరియా యుద్ధానికి సాక్ష్యంగా దాచుకున్నవి పెద్ద సంఖ్యలో ఎగిరిపోయాయి. చానెల్ అబ్బాయికి మర్యాదగానే 'లేవు బాబూ' అనెయ్యండి.

మన పోలీసులు? స్టేషనుకి వెళ్తే ఐఐసీ (ఇన్‌స్పెక్టరు) గారు కూర్చోబెట్టి వింటారేమో గానీ ఎఫ్ఐఆర్ వేయలేరు. నేరం చేసింది భారతీయులు కారు, జరిగింది ఇక్కడ కాదు. మన దేశంలో యుద్ధ నేరాలకి చట్టం లేదని కాదు. 1960 నాటి జెనీవా కన్వెన్షన్ల చట్టం ఉంది. 3వ సెక్షను ప్రకారం ఘోర ఉల్లంఘన దేశం లోపల చేసినా బయట చేసినా, చేసినవాడు ఏ దేశస్థుడైనా ఇక్కడ శిక్షించవచ్చు. కావాలని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం, మిగతావాటికి 14 ఏళ్ళ దాకా. చదువుతుంటే ఛాతీ పొంగుతుంది. 17వ సెక్షనుకి వచ్చేసరికి గాలి పోతుంది: ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు చేపట్టకూడదు. పైగా ఆ చట్టంలోని ఘోర ఉల్లంఘనలు దేశాల మధ్య యుద్ధాలకి సంబంధించినవి, సూడాన్‌లో జరుగుతున్నది అంతర్యుద్ధం. స్టేషనుకి వెళ్తే ఒకటే జరగొచ్చు. ఎవరో అత్యుత్సాహంతో ఫోను సీజ్ చేస్తారు, అది మాల్‌ఖానాలో ఏ గంజాయి మూటల పక్కనో పడి ఉంటుంది. వెళ్ళొద్దు.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, అంటే ఐసీసీ (క్రికెట్ వాళ్ళది కాదు), మనుషుల్ని విచారించే కోర్టు. 1998లో రోమ్‌లో ఆ ఒప్పందం మీద ఓటింగు జరిగినప్పుడు భారత్ ఎటూ వేయలేదు, ఇప్పటికీ చేరలేదు. సూడాన్ సంతకం చేసింది గానీ ఆమోదించలేదు. మరి ఆ కోర్టుకి అక్కడేం పనంటే, 2005లో భద్రతా మండలి 1593వ తీర్మానంతో సూడాన్ పశ్చిమాన ఉన్న డార్ఫుర్ ప్రాంతాన్ని దానికి అప్పగించింది. డార్ఫుర్ మాత్రమే. మీ వారు చూసింది ఖార్తూమ్‌లో. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, అదే సైన్యం, అదే పారామిలటరీ, అదే యుద్ధం, అయినా గీతకి ఇవతల జరిగింది ఆ కోర్టు పరిధిలోకి రాదు. సరిహద్దు ఊళ్ళలో బతికేవాళ్ళం కాబట్టి మనకిది అర్థం కావాలి: పాతపట్నం వైపు దెబ్బలాడుకుంటే పర్లాకిమిడి స్టేషను మనది కాదంటుంది. ఐసీసీ ప్రాసిక్యూటరు కార్యాలయానికి ఎవరైనా తన వెబ్‌సైటు ద్వారా సమాచారం పంపవచ్చు. మీవి నేరుగా అక్కడ కేసు కాకపోవచ్చు. ఆ దళమో, ఆ కమాండరో తర్వాత డార్ఫుర్‌లో కనిపిస్తే మాత్రం పనికొస్తాయి.

మీకు సరైన గుమ్మం ఇంకొకటుంది. ఐరాస మానవ హక్కుల మండలి 2023 అక్టోబరులో సూడాన్ కోసమే ఒక స్వతంత్ర నిజనిర్ధారణ బృందాన్ని వేసింది. టాంజానియా మాజీ ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ చాండే ఒత్మాన్ దానికి అధ్యక్షుడు. దాని పరిధి దేశమంతా, ఖార్తూమ్‌తో సహా. అది కోర్టు కాదు, ఎవరికీ శిక్ష వేయదు. సాక్ష్యం సేకరించి, సరిచూసి, రేపు ఏదైనా కోర్టు అడిగితే ఇవ్వడానికి భద్రపరచడం దాని పని. పంపేటప్పుడు ముందు వీడియో పంపొద్దు. మా దగ్గర ఇలాంటివి రెండున్నాయి, ఫలానా ఊరు, ఫలానా నెల అని నాలుగు ముక్కలు రాసి ఎలా పంపమంటారో అడగండి. ఒక్కటి గట్టిగా అడగాలి: పేరు బయటపెట్టకూడదు, మా అనుమతి లేకుండా ఏ ప్రభుత్వానికీ ఇవ్వకూడదు. ఎవరికి ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అని ఎంచుకునే హక్కు మీ వారిది. మధ్యలో ఏదో సంస్థ పేరు చెప్పి మెయిలు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినవాడు దొంగ. ఇందులో ఎక్కడా రూపాయి కట్టేది లేదు, మీకు వచ్చేదీ లేదు.

అలా దాచిపెట్టినవి ఎప్పటికి పనికొస్తాయంటే సిరియానే చూడండి. ఐసీసీ అక్కడ అడుగు పెట్టలేకపోయింది, 2014లో భద్రతా మండలిలో రష్యా, చైనా వీటో చేశాయి. కానీ సీజర్ అనే మారుపేరుతో ఒక సైనిక ఫోటోగ్రాఫరు జైళ్ళలో చచ్చినవాళ్ళ ఫోటోలు వేలకొద్దీ బయటికి తెచ్చాడు. జర్మనీ చట్టం ఇలాంటి నేరాలు ఎక్కడ జరిగినా విచారించనిస్తుంది. శరణార్థిగా బెర్లిన్ చేరిన అన్వర్ రస్లాన్ అనే మాజీ ఇంటెలిజెన్స్ కల్నల్‌ని అతని చేతిలో హింసలు పడ్డవాళ్ళే గుర్తుపట్టారు. 2022 జనవరిలో కోబ్లెంజ్ కోర్టు యావజ్జీవం వేసింది, ఆ ఫోటోలు అక్కడ సాక్ష్యంగా నిలిచాయి.

మీ వారిని ఎవరూ బలవంతాన తీసుకెళ్ళలేరు. భారత్ ఐసీసీలో సభ్యదేశం కాదు కాబట్టి సమన్లు పంపి లాక్కెళ్ళే దారి లేదు. ఒకవేళ ఎప్పుడైనా అడిగినా ఆయన ఇష్టం. ఒప్పుకుంటే వీడియోలో సాక్ష్యం చెప్పొచ్చు, మారుపేరు పెట్టమని, మొహమూ గొంతూ మార్చమని అడగొచ్చు. భయపడొద్దని మాత్రం అనను. కెన్యా ఎన్నికల అల్లర్ల కేసుల్లో సాక్షులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. అప్పటి అధ్యక్షుడు కెన్యట్టా మీద కేసు 2014లో ఉపసంహరించుకున్నారు, అప్పటి ఉపాధ్యక్షుడు రుటో మీద కేసు 2016లో ఆగిపోయింది, సాక్షుల మీద ఒత్తిళ్ళు వచ్చాయని జడ్జీలే రాశారు. అందుకే ఇంటి గడప దాటకముందే నోరు కట్టుకోవాలంటున్నాను.

గల్ఫ్ ప్రయాణానికి చట్టపరంగా అడ్డమేమీ లేదు. జాగ్రత్త మాత్రం ఉంది. ఈ యుద్ధంలో ఆర్ఎస్ఎఫ్‌కి యూఏఈ సాయం చేస్తోందని సూడాన్ 2025లో అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది (ఇది దేశాల మధ్య తగువులు చూసే వేరే కోర్టు, అదీ హేగ్‌లోనే). యూఏఈ కాదంది. తనకు విచారణాధికారం లేదని కోర్టు ఆ మేలోనే కేసు తీసేసింది. నిజానిజాల్లోకి మనం పోనక్కర్లేదు. ఆ దేశాల్లో ఎటువైపువాళ్ళైనా ఉంటారు, లేబర్ క్యాంపులో పక్క మంచం ఎవరిదో తెలీదు. ఆయన వెంట తీసుకెళ్ళే ఫోనులో ఆ వీడియోలు గానీ, వాటి గురించిన మెసేజులు గానీ ఉండకూడదు. ఎయిర్‌పోర్టుకి బయల్దేరేముందు మీరే ఒకసారి చూడండి.

శిక్ష పడిందా అన్నారు. మీ వారు పనిచేసిన దేశం సంగతే చెబుతాను. డార్ఫుర్‌లో 2003-04లో ఊళ్ళు తగలబెట్టించిన జంజవీద్ అనే మిలీషియా నాయకుడు అలీ కుషాయబ్ 2020లో లొంగిపోయాడు, 2022లో విచారణ మొదలైంది, 2025 అక్టోబరు 6న 27 అభియోగాల్లో దోషిగా తేలాడు. నేరానికీ తీర్పుకీ మధ్య ఇరవై ఏళ్ళ పైమాటే. చాద్ నియంత హిస్సేన్ హాబ్రే 1990లో దేశం విడిచి పారిపోతే 2016లో సెనెగల్‌లో ప్రత్యేక కోర్టు యావజ్జీవం వేసింది. ఆయన రహస్య పోలీసుల కాగితాలు పాడుపడ్డ ఆఫీసులో గుట్టలుగా దొరకడం ఆ కేసుకి ఎముకలాంటిది. ఇంకోవైపు, సూడాన్ మాజీ అధ్యక్షుడు బషీర్ మీద 2009లోనే వారంటు ఉంది, ఇంతవరకూ హేగ్ చేరలేదు. ముఖ్యంగా వీడియోల ఆధారంగా 2017లో ఐసీసీ వారంటు ఇచ్చిన లిబియా కమాండరు మహమూద్ అల్ వెర్ఫల్లీ బోనెక్కకుండానే 2021లో బెంఘాజీలో హత్యకి గురయ్యాడు.

మీ అబ్బాయి వాదనలో నిజం చాలానే ఉంది. ఐసీసీ ఇప్పటిదాకా శిక్ష వేసినవాళ్ళు ఆఫ్రికా వాళ్ళే. పుతిన్ మీద 2023లో, నెతన్యాహు మీద 2024లో వారంట్లు ఇచ్చింది, ఇద్దరూ పదవుల్లోనే కొనసాగారు. 2025లో అమెరికా ఆ కోర్టు అధికారుల మీదే ఆంక్షలు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో మన దేశపు జడ్జి రాధావినోద్ పాల్ ఒక్కరే ముద్దాయిలందరూ నిర్దోషులని 1948లో వేరే తీర్పు రాశారు. గెలిచినవాళ్ళ న్యాయమన్న అభ్యంతరం అంత పాతది. ఆ తీర్పుతో నేను పూర్తిగా ఏకీభవించను గానీ అబ్బాయి దాని గురించి చదవాలి. అయితే పెద్దవాళ్ళు తప్పించుకుంటున్నారు కాబట్టి ఎదురింటాయన్ని చంపిన బండి నంబరు కూడా పోనీలెమ్మనడం నాకు మింగుడుపడదు. ఆ ఇంటాయనకి భార్యో పిల్లలో ఎక్కడో ఉండే ఉంటారు, ఏం జరిగిందో వాళ్ళకింకా తెలిసి ఉండకపోవచ్చు కూడా.

ఇదంతా ఆయన సరేనంటేనే. మీరూ నేనూ నిర్ణయించేది కాదు. నిద్రపోవట్లేదని రాశారు, దాన్ని వీడియోలతో ముడిపెట్టకుండా ముందు చూపించండి. 14416 టెలీ మానస్ నంబరు, కేంద్ర ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. కాపీ చేసేటప్పుడు మీ అబ్బాయి వీడియో ప్లే చెయ్యకుండా చేయొచ్చు. ఆయన గదిలో ఉండగా మాత్రం ఆ సౌండు వినిపించనివ్వొద్దు.

జీతం బకాయి వేరే దారి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కంపెనీ అగ్రిమెంటు, పాస్‌పోర్టులో వీసా, స్టాంపులున్న పేజీలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. పంపించిన ఏజెంటుకి లైసెన్సు ఉంటే అతని పేరూ రాయండి. ఆ ఫిర్యాదులో వీడియోల ఊసెత్తొద్దు. ఏజెంటు కాగితాలు లేవంటే నాకు మళ్ళీ రాయండి, దానికి వేరే చిట్కా ఉంది.